మెడకు గాలి

"నువ్వమ్మిన ల్యాప్‌టాప్ మళ్లీ కాలిపోయింది! పదేళ్లు సినిమాలు చూసుకోవచ్చన్నావ్, రెండేళ్లలో ఇది మూడోసారి!" రదోయ్కా దాన్ని కొట్టు బల్ల మీద పడేసింది.

మిలోరద్ తిప్పి చూశాడు. గాలి బయటికొచ్చే సందులన్నిటికీ ప్లాస్టర్ అంటించి ఉంది.

"ఇదేంటి పిన్నిగారూ? లోపల ఫ్యాన్‌కి ఊపిరాడొద్దూ?"

"పడుకుని చూస్తుంటే ఆ ఫ్యాను మా ఆయన మెడకే ఊదుతోంది నాయనా. మెడ పట్టేసి వారం రోజులు మంచం దిగలేదు."

"గాలికి మెడలు పట్టేస్తాయా, చాదస్తం కాకపోతే!"

ఇంతలో ఎవరో తలుపు తీశారు. ఎదురుగా కిటికీ రెక్క గాలికి టపామని కొట్టుకుంది.

"తలుపెయ్యండి! చంపేస్తారా ఏంటి?" మిలోరద్ రెండు చేతులతో మెడ కప్పుకుని కేకేశాడు.

రదోయ్కా సంచిలోంచి ప్లాస్టర్ చుట్ట తీసి అతని చేతిలో పెట్టింది.

కిటికీ సందులన్నిటికీ దాన్ని అంటించాక గానీ అతను ల్యాప్‌టాప్ విప్పలేదు.