ఏడు రోజుల గడువు

వచ్చే సీజన్ మ్యాచ్‌ల జాబితాలో తమ కాలేజీ పేరు లేకపోవడంతో నెట్‌బాల్ కోచ్ భువన, సింగపూర్‌లోని పాయా లేబర్ ప్రాంతంలో ఉన్న కాలేజీల క్రీడా లీగ్ ఆఫీసుకు వచ్చింది.

"ఏంటాంటీ ఇది? రోజూ ప్రాక్టీసుకొచ్చే అమ్మాయిలకి నేనేం చెప్పాలి?"

లీగ్ అధ్యక్షురాలు వసుంధర కుర్చీ చూపించింది. "కనీసం ఆరు ఆటలకు టీములు పంపని కాలేజీని తీసేస్తామని అందరికీ మెయిల్ పంపాంగా. ఏడు రోజుల్లో ఎవరూ కాదనకపోతే ఒప్పుకున్నట్టే. మన పద్ధతి నీకు తెలీనిదా?"

"ఎగ్జామ్స్ వీక్‌లో పంపితే ఎవరూ చూడరు లా," అంది భువన సింగపూర్ యాసలో.

"మిగతా పదకొండు కాలేజీలూ ఒప్పుకున్నాయమ్మా. నాలుగేళ్లలో ఐదు కాలేజీల లీగ్ పన్నెండు కాలేజీలకు పెరిగింది ఇలాగే. ఒక్కొక్కరినీ బతిమాలుతూ కూర్చుంటే ఇంకా ఐదు దగ్గరే ఉండేవాళ్లం."

"పదకొండు మందిలో ఒక్కరైనా సరేనని రాశారా? అది చూపించండి, వెళ్లిపోతా."

వసుంధర ఆ మెయిల్ తెరిచింది. దాని కింద ఒక్క జవాబూ లేదు. కొత్త కాలేజీలను చేర్చుకున్నప్పటి మెయిల్స్ తెరిచింది. వాటికీ లేవు.

"ఇంకా పాతవి చూడండి," అంది భువన.

అంతకంటే పాతది ఒక్కటే ఉంది. అధ్యక్ష పదవికి తన పేరు ప్రతిపాదిస్తూ వసుంధర తానే పంపిన మెయిల్. దానికి ఎవరూ జవాబు రాయలేదని తెరవకుండానే ఆమెకు తెలుసు.

"మీ కాలేజీని ఉంచేద్దాంలే," అంది స్క్రీన్ ఆపేస్తూ. "ఎవరినీ అడగక్కర్లేదు."