బకెట్లో తేలినవి

"మళ్ళీ కిరసనాయిలు కంపు! ఎవరయ్యా అది?" ముక్కు మూసుకుని అరిచింది తవ్వకాల మేడమ్.

ఎవరో ఆవిడకీ తెలుసు. మట్టి కడిగే కూలీ. అందరూ పురుగుల తాత అంటారు.

గోతి మట్టిని కిరసనాయిలుతో కలిపి, బకెట్లో వేసి నీళ్ళు పోస్తాడు. మట్టి అడుక్కి పోతుంది. ఎప్పుడో చచ్చిన పురుగుల రెక్కలూ పెంకులూ పైకి తేలతాయి. వాటిని టీ వడకట్టే జాలీతో ఎత్తి అగ్గిపెట్టెల్లో దాచుకుంటాడు. పిచ్చి కాకపోతే ఏమిటి?

గోతిలో ఇరవై మూడు అస్థిపంజరాలు బయటపడ్డాయి. దానిమీదుగా రోడ్డు పోవాలి. సోమవారానికల్లా రిపోర్టు ఇమ్మని పైవాళ్ళు ఆవిడ ప్రాణం తోడేస్తున్నారు. పాత ఎముకలైతే అక్కడే కప్పేసి రోడ్డు వేసుకోవచ్చు. కొత్తవైతే పోలీసులు, కేసు, పని బంద్.

ఆవిడ తేల్చేసింది. ఎముకల మధ్య దొరికిన కుండపెంకులు మూడొందల ఏళ్ళ నాటివి. ఇంకేముంది, ఏదో మహమ్మారికి పోయినవాళ్ళు.

"గొయ్యి పాతదే మేడమ్. శవాలే కొత్తవి," అన్నాడు తాత, అగ్గిపెట్టె తెరిచి చూపిస్తూ.

"అదెలా?"

"ఇవి ఈగల పురుగులు విడిచిన గూళ్ళు. వెంటనే పూడ్చిన శవానికి ఇన్ని ఈగలు చేరవు. మూడు నాలుగు రోజులు ఎండలో పడున్నారు. రోగంతో పోతే సొంతవాళ్ళు అలా వదిలేస్తారా?"

"ఊఁ. ఇంకా?"

"ఈ ఎర్ర పురుగు ఓడల్లో వచ్చిన పిండి బస్తాలతో మన వైపు దిగింది. అరవై ఏళ్ళ కిందట. శవాల మీద ఆ పిండి గోనెలే కప్పారమ్మా."

మేడమ్ పక్కున నవ్వింది.

"దగ్గరుండి చూసినట్టే చెప్తున్నావే, తాతా!"

తాత అగ్గిపెట్టె ఆవిడ బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు.

"ఆ బకెట్లన్నీ పారబోయండి," అంది ఆవిడ కూలీలతో.

సోమవారం రిపోర్టు వెళ్ళింది. నెల తిరిగేసరికి రోడ్డు పడింది. తాత మళ్ళీ పనిలోకి రాలేదు. ఎవరూ అడగనూ లేదు.

రెండు నెలల తర్వాత వేరే పని మీద వచ్చిన పురుగుల ప్రొఫెసర్ ఆవిడ బల్ల మీది ఆ అగ్గిపెట్టెను భూతద్దంతో చూశాడు.

"ఈ ఎర్ర పురుగు ఇక్కడికొచ్చి అరవై ఏళ్ళే. ఏ గోతిలో దొరికింది? ఆ మట్టి ఉందా?"

మేడమ్ కూలీలని తాత ఉండే చోటు అడిగింది.

వెతుక్కుంటూ తాత గదికి పరిగెత్తింది. తను ఎవరో చెప్పగానే పక్కింటావిడ ఎగాదిగా చూసింది.

"నిన్న పొద్దున్నే కన్నుమూశాడు."

గదిలో గోడ పొడవునా పురుగుల పుస్తకాలు. మంచం కింద అర్జీల కట్ట. ప్రతిదాని మీదా ఒకటే ముద్ర: ఆధారాలు లేవు.

"చిన్నప్పుడు చెబితే పిల్లాడన్నారు. పెద్దయ్యాక చెబితే పిచ్చోడన్నారు. నా మాట నమ్మరు, పురుగుల మాటైనా నమ్ముతారేమో అని ఇవన్నీ చదివాడు," అంది పక్కింటావిడ.

మేడమ్ అర్జీల కట్ట చేతిలోకి తీసుకుంది. "కబురు చేయడానికి... ఆయనకి ఎవరూ లేరా?"

"ఎందుకు లేరు, ఇరవై ముగ్గురూ మీ రోడ్డు కిందే ఉన్నారు, ఎనిమిదేళ్ళప్పుడు అందర్నీ చంపి పడేస్తే ఆ శవాల మధ్యనుంచి పాక్కుంటూ బయటపడింది ఈయనొక్కడే."