రెండుంపావు గాజులు

“ఇందులో ఏమున్నది సార్? పలగ్గొడితే రెండు నిమిషాల పని,” అన్నది నర్సు మమతారాణి.

మంచానికి ఎదురుగా నిలబడ్డ ఉపేందర్‌రావు చెయ్యి తెలియకుండానే ఛాతీ మీదికి పోయింది. నిరుడే అక్కడ స్టెంటు వేశారు.

ఇందిరాదేవి ఆయన వంక ఒకసారి చూసి, చేతులు రెండూ దుప్పటి కిందికి లాక్కుంది.

“నా గాజుల మీద చెయ్యేస్తే మంచిగుండదు. మొగడు నిలవడి చూస్తుంటె గాజులు పలగ్గొట్టుకుంటరా ఎవలన్న?”

“గాజులతోని థియేటర్లకు రానియ్యరమ్మా. రేపు తొమ్మిదిన్నరకే మీ ఆపరేషన్.”

మెదడు అడుగున, ముక్కు వెనకాల, చిక్కుడు గింజంత గడ్డ. క్యాన్సర్ కాదన్నారు. కానీ రెండేళ్లలో అది ఆమె చేతులూ పాదాలూ లావెక్కించింది. కంటి నరాలను నొక్కి పక్క చూపు మింగేసింది. గంతలు కట్టిన గుర్రంలా ఆమెకిప్పుడు ఎదురుగా ఉన్నదే కనబడుతుంది. ఆలస్యమైతే అదీ ఉండదు. ముక్కులోంచి గడ్డ తీసే డాక్టరు హైదరాబాద్ నుంచి కరీంనగర్‌కు పదిహేను రోజులకొకసారే వస్తాడు.

గాజులేమో బిడ్డ స్నిగ్ధ పెళ్లికి గాజులమ్మే గులాం నబీ తొడిగినవి. పచ్చవి, పన్నెండు, రెండుంపావు సైజు. చెయ్యి లావెక్కాక ఇక బయటికి రాలేదు.

“భైంసా నుంచి నబీ భాయ్‌ని పిలిపియ్యుండ్రి. తీస్తే ఆయనే తియ్యాలె. లేకుంటె నాకీ ఆపరేషనే వద్దు.”

“కండ్లు పోతయి ఇందిరా!”

“పోతె పోనీ. ఫోన్ కలిపియ్యుండ్రి, నేనే మాట్లాడ్త. మీరు వొయ్యి జర చాయ్ పట్కరాండ్రి.”

ఆయన చాయ్‌తో వచ్చేసరికి ఫోన్ దిండు మీద ఉంది.

“వస్తడట,” అంది.

మర్నాడు తొమ్మిదైంది. నబీ జాడ లేదు. స్ట్రెచర్ వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది.

“తొమ్మిదిన్నర దాటితే వేరే పేషెంట్‌ను తీస్కుంటరు సార్,” అన్నది మమతారాణి.

ఉపేందర్‌రావు మూడుసార్లు మెట్ల దాకా పోయి వచ్చాడు. నాలుగోసారి పోతుంటే ఎదురుగా నబీ. ముసలి భుజాన గాజుల మలారం, ఒళ్లంతా చెమట.

“జగిత్యాల కాడ బస్సు పంచరైంది రావుసాబ్.”

“తీసేదానికి వచ్చి గిన్ని గాజులెందుకు మోస్కొచ్చినవయ్యా?”

“మలారం లేకుంటె భుజం ఊకోదు సాబ్.”

నబీ సబ్బు నురగ చేసుకుని స్టూలు మీద కూచున్నాడు. మమతారాణి ట్రే పట్టుకుని ఆయన పక్కన నిలబడింది.

“మీరు నా మొకం దిక్కే చూడుండ్రి,” అంది ఇందిరాదేవి భర్తతో. “అటిటు చూస్తె నాకు భయమైతది.”

ఆయన మంచం కాళ్ల వైపు నిలబడి ఆమె కళ్లలోకే చూశాడు. నబీ చేతుల వైపు చూసే ధైర్యం ఆయనకూ లేదు.

“బిడ్డ పెండ్లినాడు గూడ ఏడిపిచ్చిన తల్లీ నిన్ను,” అన్నాడు నబీ.

“ఏడిపిచ్చుడా? చెయ్యి బట్ట పిండినట్టు పిండితివి!”

ధన్‌మని ట్రే కింద పడింది. ఉపేందర్‌రావు ఉలిక్కిపడ్డాడు. ఇందిరాదేవి రెప్ప వెయ్యలేదు. కాసేపటికి ట్రే మళ్లీ పడింది.

“ఏం తల్లీ, నీ చేతులకు సబ్బు పెట్టిండా ఏంది?” అని ఉపేందర్‌రావు నర్సును గసిరాడు.

“జారింది సార్.”

తొమ్మిది ఇరవై ఎనిమిదికి తెల్లబట్ట మీద పన్నెండు పచ్చగాజులు తళతళలాడాయి. ఇందిరాదేవి వాటిని కళ్లకద్దుకుని భర్త చేతిలో పెట్టింది.

“పైలం.”

థియేటర్ తలుపు మూసుకుంది.

“నీ చేతిల ఏదో మంత్రమున్నది నబీ!” అంటూ ఆయన నబీ చెయ్యి పట్టుకున్నాడు. బొటనవేలికి నెత్తురు.

“ఇదేంది?”

నబీ జేబులోంచి దస్తీ తీసి విప్పాడు. అన్నీ పచ్చ ముక్కలే.

“రెండుంపావు గా చేతికెల్లి రాదు సాబ్. మీ చేతిలున్నయి కొత్తయి. గదే రంగు, రెండున్నర.”

ఉపేందర్‌రావు గోడకు చేరగిలబడ్డాడు. చెయ్యి మళ్లీ ఛాతీ మీదికి పోయింది.

“ఆమెకు తెల్వద్దు,” అన్నాడు.

నబీ తల ఊపాడు.

నాలుగు గంటల ఆపరేషన్. ఆ నాలుగు గంటలూ ఆయన చెయ్యి ఛాతీ మీదే ఉంది. గడ్డ మొత్తం వచ్చిందని డాక్టరు చెప్పాక కూడా దిగలేదు.

మూడోరోజు ముక్కులో దూది తీశారు. ఇందిరాదేవి తల తిప్పకుండానే అంది, “తలుపు కాడ మమత నవ్వుతున్నది.”

ఆయనకు ఏడుపాగలేదు.

“నా గాజులియ్యుండ్రి.”

ఆయన ఒక్కొక్కటే ఎక్కించాడు. ఎక్కడా పట్టకుండా జారిపోయాయి.

“చూసినవా, వాపు అప్పుడే దిగింది!”

ఆమె గాజుల వంక చూసింది. తర్వాత ఆయన వంక.

“మూడు దినాలాయె. మీకేం గాలే గదా?”

“నాకేమైతది?”

మళ్లీ ఛాతీ మీదికి పోయిన ఆయన చేతిని ఆమె మెల్లగా దించింది.

“రెండున్నర తెమ్మని నబీకి నేనే చెప్పిన.”