గుగ్గిళ్ల సభ

అడవి ఉమ్మడి గాదెలో ఈ ఏడు శనగలు సగమే చేరాయి. గాదె కాపరి ఉడుత బుడ్డక్క ఆ సంగతి అందరికీ చెప్పింది. ఎవరి వాటా కోయాలో తేల్చడానికి ఏనుగు పెద్దయ్య సభ పెట్టాడు.

“గుడ్లగూబ వాటా తీసేద్దాం” అంది నక్క.

“అప్పుడు గాదెకు రాత్రి కాపలా నువ్వు కాస్తావా?” గయ్యిమంది గుడ్లగూబ.

తేలలేదు. రోజూ సభే. సభంటే అందరికీ దొప్పెడు గుగ్గిళ్లు పెట్టడం ఆనవాయితీ. వారం తిరిగేసరికి గాదె ఇంకో మూరెడు తగ్గింది.

ఎనిమిదో రోజు బుడ్డక్క ఖాళీ దొప్పలు పంచింది.

“గుగ్గిళ్లేవమ్మా?” అన్నాడు పెద్దయ్య.

“మొదటి కోత వాటికే పెట్టాను, పెద్దయ్యా.”

ఏనుగు పొట్ట కదిలేలా నవ్వాడు. కడుపులు కాలుతుంటే సభ చిటికెలో తేలిపోయింది. తలా గుప్పెడు తగ్గించుకోవాలి, సభకు మాత్రం ఇంట్లో తినే రావాలి!