కాలు చూసిన మనిషి

బస్సు ఆదోని దాటినప్పటి నుంచీ ఆ ముసలాయన ఎస్తేరు ఎడమ కాలినే చూస్తున్నాడు.

ఆమె లంగా కిందికి లాక్కుంది. ఆయన తల వంచి మరీ చూశాడు.

పత్తి మిల్లులోనూ ఇంతే. వాచిన కాలు కనబడితే చాలు, అందరి కళ్లూ అక్కడే. బోదకాలని ఏళ్ల తరబడి మందులు మింగింది. వాపు దిగలేదు. ఎమ్మిగనూరులో కాళ్ల వాపుల క్యాంపుకు హైదరాబాదు డాక్టరమ్మ వస్తోందంటే, మేస్త్రీని బతిమాలి, క్యాంపు చీటీ చేతబట్టుకుని బయల్దేరింది.

"పాపా, ఇది పుట్టినప్పటి నుంచీ ఉండాదా?"

"నీకెందుకప్పా?"

"కోపం సేసుకోవాకు తల్లీ. పాదం మీద ఒక్కసారి యేలు పెట్టి నొక్కి సూస్తా..."

ఎస్తేరు గట్టిగా అరిచింది. "అన్నా, బస్సు ఆపన్నా! ఈయప్ప నా కాలు పట్టుకునేకి వస్తాండాడు!"

బస్సంతా ఆయన మీదికి లేచింది. ఆయన ఏదో చెప్పబోతే కండక్టరు విననే లేదు.

"దిగప్పా, దిగు. ఈ వయసులో ఇదేం బుద్ధి?"

నీడ లేని రోడ్డు మీద ఆయన్ను దింపి బస్సు కదిలింది.

క్యాంపు పెట్టిన బడి వరండాలో ఎస్తేరుకు కుదురు లేదు. కూర్చుంటుంది, లేస్తుంది. ఇదీ వట్టిదేనేమో. రెండుసార్లు గేటు దాకా పోయి వచ్చింది.

"ఆదోని బస్సులో వచ్చిన పచ్చ చున్నీ అమ్మాయి ఎవరు?"

డాక్టర్ దీపశ్రీ తానే బయటికొచ్చి పిలిచింది. కాలు నొక్కి చూసింది. తల్లి కాళ్ల గురించీ అడిగింది.

"ఇది బోదకాలు కాదమ్మా. ఒంట్లో ఊరే నీటిని తోడేసే సన్నటి నాళాలుంటాయి. నీ కాలిలో అవి పుట్టుకతోనే సరిగా ఎదగలేదు. పూర్తిగా నయం కాదు. కానీ కట్లు కట్టి, మర్దన చేస్తే వాపు తగ్గుతుంది."

ఎస్తేరు కళ్లు తుడుచుకుంది. "నేనొచ్చేది మీకెట్ల తెలుసు మేడం?"

"క్యాంపు పనికి అదే బస్సులో వస్తున్న మా గిడ్డయ్య, నీ చేతిలో చీటీ చూసి ఫోన్ చేశాడు. 'నన్ను బస్సు దింపినారు మేడం, ఆ పాపది తప్పు లేదు. ఓపిక లేక ఎనక్కి పోతుందేమో, ముందు పిలిచి సూడండి' అన్నాడు."

ఎస్తేరు గేటు వైపు చూసింది. "ఆయప్ప యాడుండాడు?"

"తనని చూస్తే నువ్వు బెదురుతావని ఆదోనికి తిరిగి వెళ్లిపోయాడు. ఈపాటికి హైదరాబాదు రైలెక్కి ఉంటాడు."

"ఆయప్ప గూడా డాక్టరేనా?"

"కాదు. మా ల్యాబులో పరిశోధన కోసం పెంచే జీబ్రా చేపల తొట్లు కడుగుతాడు. నువ్వుగింజంత ఉండే వేల చేపపిల్లల్లో ఒక్కదాని ఒళ్లు ఉబ్బిందని కనిపెట్టి, పారబోయనివ్వకుండా నా టేబుల్ మీద పెట్టింది ఆయనే. నీలాంటి వాళ్లలో ఆ నాళాలు ఎందుకు ఎదగవో మాకు తెలిసింది ఆ చేపపిల్లతోనే."