ఎవరు, ఎవరితో, ఎప్పుడు

“ఈ వాక్యం తీసేయండి,” అన్నాడు ఉపదేశకుడు.

శనివారం పొద్దున్నే శుభలేఖ నమూనా పట్టుకొచ్చిన జంట ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. కార్డు పైభాగాన, బంగారు రంగు అక్షరాల్లో, ఎక్కడికి వెళ్ళినా వెంటే వస్తానని మాట ఇచ్చే ఆ పరిశుద్ధ గ్రంథ వాక్యం మెరుస్తోంది.

“పెళ్ళికార్డుల మీద అందరూ ఇదే వేసుకుంటున్నారండీ,” అని నసిగాడు పెళ్ళికొడుకు.

“అందరూ తప్పే వేసుకుంటున్నారు. వాక్యాన్ని ముట్టుకునే ముందు మూడు ప్రశ్నలు అడగాలి. ఎవరు అన్నారు, ఎవరితో అన్నారు, ఎప్పుడు అన్నారు. మధ్యలోంచి ఒక ముక్క పీక్కొచ్చి బంగారు పూత పూస్తే, అది దేవుడి మాట కాదు, మన ముచ్చట.”

పక్కనే కూర్చుని ఊలు అల్లుతున్న తన తల్లి ఒడిలోంచి పెన్సిలు ముక్క అందుకుని, ఆ వాక్యాన్ని తనే అడ్డంగా కొట్టేశాడు. ఆవిడ కార్డు వంక చూసి, కొడుకు వంక చూసి నవ్వింది. రెండేళ్ళుగా ఆవిడకు చెవులు వినబడవు; ఆ పెన్సిలు అందుకే ఒళ్ళో ఉంటుంది.

“మరి ఆ మాట ఎవరన్నారండీ?” అని అడిగింది పెళ్ళికూతురు.

“నేను చెప్పను. ఇంటికెళ్ళి ఆ కథ మొదటినుంచి చదివి, రేపు మీరే నాకు చెప్పండి.”

సంఘంలో పిల్లలు అతనికి ‘సందర్భం మాస్టారు’ అని ఊరికే పేరు పెట్టలేదు.

జంట వెళ్ళాక, కాఫీ కప్పులు తీస్తూ భార్య అంది: “పాపం, చెప్పేస్తే మీ సొమ్మేం పోయింది? పాటల మాస్టారినైతే అడిగి చూడండి, రాగం కట్టి మరీ చెబుతారు.”

పాటల మాస్టారు. పగలు తపాలా కార్యాలయంలో ముద్రలు కొట్టుకునే మనిషి. శనివారం సాయంత్రం మందిరంలో హార్మోనియం ముందు కూర్చుంటే మాత్రం పాతికమంది ఆడవాళ్ళు నోరు తెరిచి వింటారు. వాళ్ళలో తన భార్య మొదటి వరసలో, ఎడమనుంచి రెండో స్థానంలో నిలబడుతుందని ఉపదేశకుడికి తెలుసు. సాధన ఆరింటికి ముగుస్తుందనీ తెలుసు. మందిరం నుంచి ఇంటికి పది నిమిషాల నడక. ఆమె వచ్చేది ఆరూ నలభైకి. అడిగితే చేతిలోని ఊలు ఉండ చూపించి, అత్తయ్య అడిగిన రంగు దొరక్క దుకాణంలో ఆలస్యమైందంటుంది. ఊలు ఉండ కొనడానికి అరగంట ఎందుకో ఏ వ్యాఖ్యాన గ్రంథమూ అతనికి విప్పి చెప్పలేదు.

“ఆయనకు బదిలీ అయిందట. వచ్చే నెల వెళ్ళిపోతున్నారు,” అంది ఆమె.

“ఎవరు?”

“పాటల మాస్టారు. ఇక శనివారాలు బోసిపోతాయి.”

అతను చేతిలోని పుస్తకం పుట తిప్పాడు, చదవకుండానే.

“అన్నట్టు అత్తయ్య కూడా వదిన దగ్గరికి వెళ్ళిపోతానంటున్నారు. మీరొకసారి వద్దనకూడదూ?”

“వెళ్ళనీ. మార్పు ఉంటుంది,” అన్నాడు, ఆ శనివారాల గురించే ఆలోచిస్తూ.

మరునాడు ఆరాధన నుంచి వచ్చాక, ఒక చరణం సరిచూసుకుందామని కీర్తనల పుస్తకం తీశాడు. ఇంటికంతా కీర్తనల పుస్తకం అదొక్కటే. శనివారం భార్య సాధనకు పట్టుకెళ్తుంది. ఆదివారం తల్లి ఒళ్ళో పెట్టుకుని, తనకు వినబడని పాట వెంట వేలు నడుపుతుంది. పుస్తకంలోంచి ఒక చీటీ జారిపడింది. అతని పాత పాఠాల చిత్తుకాగితం వెనక, పెన్సిలుతో, భార్య చేతిరాత.

‘మీరు వెళ్ళిపోతే ఈ ఇంట్లో నాతో మాట్లాడే మనిషే ఉండరు. ఆయనకు పుస్తకాలు చాలు. మీ పెట్టె కదిలిన రోజున నా పెట్టె కూడా కదులుతుంది. పొద్దున ఆయన కొట్టేశారే, ఆ వాక్యమే నా మాట అనుకోండి.’

మూడుసార్లు చదివాడు. చీటీ జారిన పుట పాటల మాస్టారు నిన్న నేర్పిన కీర్తనదే. ఇన్నేళ్ళుగా ఏ వాడుకను తప్పు తప్పని గొంతు చించుకున్నాడో, ఆ తప్పునే, సొంత భార్య, పరాయి మగవాడి కోసం!

హాల్లోకి వెళ్ళి చీటీ ఆమె ముందు పెట్టాడు. కిటికీ దగ్గర తల్లి అల్లుకుంటోంది. వినబడదు గనక అతను గొంతు తగ్గించలేదు.

“రాసింది నువ్వేనా?”

“నేనే.”

“వెళ్ళిపోతావా?”

“వెళ్ళిపోతాను. పలకరించే దిక్కు లేని ఇంట్లో గోడలతో ఎన్నాళ్ళుండను?”

“సిగ్గులేదూ? ఆ హార్మోనియం వాడి వెనక...”

ఆమె చీటీ తీసి మళ్ళీ అతని చేతిలో పెట్టింది. కళ్ళు తుడుచుకోలేదు.

“ఎన్నిసార్లు చదివారు?”

“మూడుసార్లు.”

“మూడుసార్లు చదివారు గానీ, మూడు ప్రశ్నలు మాత్రం అడగలేదన్నమాట.”

“నాకే పాఠం చెబుతావా?”

“మీ పాఠమే. నేను చెప్పను. చదివి మీరే నాకు చెప్పండి.”

గుమ్మం దగ్గర గంట మోగింది. పెళ్ళి జంట. కొత్త కార్డు చేతిలో ఉంది, పైభాగం ఖాళీగా.

“రాత్రి కూర్చుని మొత్తం చదివేశాం మాస్టారూ,” అన్నాడు పెళ్ళికొడుకు సంబరంగా. “మీరన్నదే నిజం. అది మొగుడూ పెళ్ళాల మాటే కాదు!”

చీటీ ఉపదేశకుడి పిడికిట్లో నలుగుతోంది.

“మరి ఎవరి మాటో చెప్పమ్మా,” అంది భార్య, అతని ముఖంలోకే చూస్తూ. “ఇవాళ ఆయన వింటారు.”

“ఒక కోడలండీ,” అంది పెళ్ళికూతురు, “అత్తగారితో.”