కంఠతా వచ్చిన అట్ట

"గ, ప, ట, ర, ద!" ఏటేటా జరిగే కంటి పరీక్షలో బస్సు డ్రైవరు ఒక కన్ను మూసుకుని, గోడమీది అక్షరాల అట్టను గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పాడు. "చూపు తగ్గినా ఊపు తగ్గలేదు, చూశావా డాక్టరమ్మా!"

కళ్ళ డాక్టరు నవ్వలేదు. ఆమె అతని మేనకోడలు.

"అట్ట పొద్దున్నే మార్చాను మావయ్యా. నువ్వు చదివినవి పాత అక్షరాలు."

బయట వరసలో ఉన్న డ్రైవర్లు ఆ పాత అక్షరాలనే పద్యంలా వల్లె వేస్తున్నారు. లోపలికి వినబడుతూనే ఉంది.

"రిటైర్మెంటుకి ఎనిమిది నెలలేగా! దారి కూడా నాకు కంఠతానే. నిన్ను భుజాన మోసినవాణ్ణి, ఆ మాత్రం జాలి లేదుటే?"

"జాలి ఉండబట్టే నిరుడు సంతకం పెట్టాను. అప్పుడూ నువ్వు చూసి చదవలేదని నాకు తెలుసు."

"అయితే ఏమైంది? ఏడాదంతా ఒక్కరికైనా దెబ్బ తగిలిందా?"

ఆమె కలం మూత తీసి, మళ్ళీ పెట్టింది.

"ఏడాదంతా నీ బస్సు వెళ్ళిపోయేదాకా నా కూతుర్ని రోడ్డు దాటనివ్వలేదు మావయ్యా."

డ్రైవరు గోడమీది అట్టకేసి కళ్ళు చికిలించాడు.

"మరి మిగతా పిల్లల్ని?"

"సంతకం పెట్టినప్పుడు వాళ్ళెవరూ ఈ గదిలో లేరు. నా ఎదుట నువ్వే ఉన్నావు."

అతను ఫారం దగ్గరికి లాక్కున్నాడు. "పనికిరాడని రాసెయ్యమ్మా. నేనెక్కడ సంతకం పెట్టాలో వేలు పెట్టి చూపించు."

తర్వాత తలుపు తీసి, వరసంతా ఉలిక్కిపడేలా అరిచాడు:

"ఒరేయ్, లోపల అట్ట మారింది! కనబడినవే చదవండ్రా."